ముక్కు వంకర పడవ

పెద్ద వరద వచ్చి చెరువు రేవుని ముంచేసిన తర్వాత తొమ్మిదో ఏడు అది. పడవలో ఇద్దరే ఉన్నారు. ఒకరు పడవ నడిపే ముసలాయన. రెండోది చెరువు అడుగున ఇసుకెక్కడ, బురదెక్కడ అని మిషనుతో పటం గీసే అమ్మాయి.

"మళ్ళీ వంకర తిప్పావు బాబాయ్!"

"నేను తిప్పలేదు. నీళ్ళు తిప్పాయి."

"ప్రతిసారీ ఇక్కడేనా? తెర మీద చూడు. చెరువంతా దువ్వినట్టు తిన్నగా గీతలు. ఇక్కడ మాత్రం బాన పొట్ట."

"బాగానే ఉందిగా."

"ఏం బాగు! పటం మధ్యలో చిల్లు. ఇవాళ పూడ్చకపోతే మా సారు ఈ పని ఇంకొకరికిచ్చి నన్ను ఆఫీసులో కూర్చోబెడతాడు."

"నీడపట్టున ఉంటావు."

"బాబాయ్! కింద ఏముందో చెప్పు."

"పెద్దది."

"ఏం పెద్దది?"

"నా పాత పడవమ్మా. వరదలో ఇక్కడే మునిగింది. పడుకున్నదాన్ని దాటి పోతామా?"

"అంత మంచి పడవా?"

"మంచిదా, పాడా! కొన్నరోజే రేవు స్తంభాన్ని గుద్దింది. ముక్కు ఎడమకి వంగిపోయింది. కుడికి తిప్పితే ఎడమకి పోయేది. అచ్చం మీ పిన్నే."

"పిన్ని వింటే?"

"అందుకే నీళ్ళ మీద చెబుతున్నా."

"ఒక్కసారి పోనీ బాబాయ్. మిషను శబ్దం పంపుతుంది, అడుగున తగిలి తిరిగొస్తుంది. గట్టిదైతే తెలుపు, బురదైతే నలుపు. అంతే. పెద్దదానికి దెబ్బ తగలదు."

"నిద్ర చెడితే?"

"లేచొస్తే నీకే మంచిదిగా!"

"...సరే. తలగుడ్డ తీయనీ. నువ్వూ చెప్పులు తియ్యి."

"తీశా. పోనీ... తిన్నగా... కళ్ళు మూసుకుని నడుపుతావేంటి!"

"కనబడిందా?"

"నలుపు."

"ముక్కు?"

"అంతా నలుపే. బురద. పడవ లేదు, చెక్కముక్క కూడా లేదు."

"నీ మిషనుకి చత్వారం."

"మిషను బాగానే ఉంది బాబాయ్."

"తొమ్మిదేళ్ళు ఇక్కడ తలగుడ్డ తీసి వెళ్ళానమ్మా."

"బురదకి దండం పెట్టావన్నమాట."

"...పద, రేవుకి పోదాం."

"పటం నిండింది. నువ్వు చల్లగా ఉండాలి. అదేంటి, రేవు ఇంకా అక్కడుంటే ఇక్కడ ఆపావు? ఇది నా పటం హద్దుకి అవతల."

"లంగరు ఇక్కడే వేస్తా. మిగతా చోట్ల బురదలో జారిపోతుంది. ఇక్కడ కింద రాయుంది, ఠక్కున పట్టేస్తుంది. వరద తర్వాత నేనే కనిపెట్టా. రోజూ ఇక్కడే."

"ఆగు! మిషను ఇంకా ఆపలేదు... బాబాయ్, వెయ్యకు!"

"వేసేశా. విన్నావా, ఠక్కుమంది!"

"విన్నా. తెల్లగా పడింది."

"రాయని చెప్పలా?"

"రాయి రెండు కొసలా మొనదేలి ఉంటుందా?"

"ఉండకూడదా ఏంటి?"

"ముక్కు ఎడమకి వంగి ఉంటుందా?"

"ఏదీ, తెర చూడనీ."

"బాబాయ్?"

"రోజూ... ఠక్కుమని... దాని నడ్డి మీదే."

మర్నాడు పొద్దున, అదే పడవ.

"లంగరేది బాబాయ్?"

"ఇంట్లో. మీ పిన్ని తలుపుకి అడ్డం పెట్టుకుంది."

"మరి రాత్రి పడవ ఎలా ఆగింది?"

"తాడేసి రేవు స్తంభానికి కట్టా. అదే, పెద్దది గుద్దిన స్తంభం."

"పోన్లే. ఇవాళ అడుగు మట్టి పైకి తీసి చూడాలి. తిన్నగా పోనీ... తిన్నగా... బాబాయ్! నిన్న లంగరేసిన చోట మళ్ళీ వంకర!"

"చెప్పులు తియ్యమ్మా."