నలభై అరవై ఎస్టేటు

హలో… ఆ, నేనేనప్పా, ఖలీల్‌నే. గొంతు మారిందా?… జలుబేం లేదు కరుణాకరా. మెల్లగా మాట్లాడతాండా, అంతే.

…బండా? బండి బాగుంది. చాలా బాగుంది.

…ఒక్క మాటలో ఎట్ల చెప్పాలప్పా? నువ్వేమన్నా వంకాయలు కొంటాండావా? ముగ్గురు బండ్ల పిచ్చోళ్లం పొద్దన్నుంచి ఆ పొడుగు కారు చుట్టూ తిరుగుతాండాం. ముగ్గురివీ మూడు మాటలు. నువ్వేమో ఆళ్లగడ్డలో దేవుని బొమ్మలు చెక్కుకుంటా కూర్చోని, నంద్యాల్లో నా పానం తీస్తాండావ్.

…తెలుసు. ఐదు గంటల్లోపల షోరూమోళ్లకు చెప్పాల, తీసుకుంటావో లేదో. ఇప్పుడు మూడున్నరే కదా.

సరే, విను. ముందు దేవసహాయమన్న సంగతి. ముప్పై ఏండ్లు బస్సు తోలిన మనిషి, ఏ బండినీ ముందు నుంచి చూడడు. యెనక్కి పోయి నిలబడినాడు. శానాసేపు చూసి, టోపీ తీసి చేతిలో పట్టుకున్యాడు.

…ఎందుకంటే, శవాల బండి అనుకున్యాడంట.

…నవ్వద్దప్పా. షోరూమ్ పాప మొగం మాడిపోయింది. వినీత అని, కొత్తగా చేరిందంట. "ఇది ఫ్యామిలీ బండి అంకుల్, యెనక జాగా ఎక్కువ" అనింది. "ఔను, ఫ్యామిలీలో ఒకరు పడుకోని పోవచ్చు" అన్యాడీయన.

…స్టీఫెన్ వేరే. టాక్సీ తోలేటోడు కదా, వచ్చీరాగానే బండి కిందికి దూరినాడు. పావుగంట కాళ్లు తప్ప ఏం కనపడలే. బయటికొచ్చి నా చెయ్యి పట్టుకోని, "నాలుగు చక్రాలూ లాగుతాయి ఖలీలూ, నాలుగూ" అన్యాడు. వాని పెండ్లి నాడు కూడా ఆ మొగం చూడలే నేను.

…నేనా? నాది సీటు కవర్ల అంగడి, నేను సీట్లే చూస్తా. కుట్టు శానా బాగుంది. మా అంగట్లోకి వచ్చే బండి కాదు అది.

…మీ ఇంటామె సిరి అడుగుతాందా? ఎత్తు లేదని చెప్పు. లేదప్పా, ఇంట్లో నిజం చెప్పాల. కారు కన్నా కొంచెం ఎత్తు, జీపు కన్నా బాగా తక్కువ. పిల్లోళ్లు తల బయట పెట్టేదానికి పైన అద్దం కూడా లేదు. మన బండ్ల గ్రూపులో ఫొటో పెడితే రెండు వందల మెసేజీలు. ఇంత దుడ్లు పెట్టి ఎత్తు కొంటారు గానీ పొడుగు కొంటారా అని సగం మంది.

…యాడ ఉండామా? బయట. టెస్టు డ్రైవు చేస్తాండాం.

…ట్రాక్టరు శబ్దమే. రోడ్ల మీద ట్రాక్టర్లు ఉండవా?

…ఒకే చోట ఎందుకు మోగుతాందంటే… అది నిలబడి ఉంది కాబట్టి.

…మా ముందర.

…అడ్డంగా.

కోప్పడద్దు. మొదటి నుంచి చెప్తా. బండికి గీత కూడా పడలే. తాళం చెవి మాత్రం మా దగ్గర లేదు.

…చెప్తా అంటాండా కదా. తారు రోడ్డు మీద ఫోర్ వీల్ డ్రైవు చూసేది ఏందీ, ఈతగాణ్ణి బకెట్లో దింపి చూసినట్టు అన్యాడు స్టీఫెన్. రాత్రి వాన పడింది. గోస్పాడు దాటి, కాలవ గట్టు దిగినాం. నల్లరేగడిలో బండ్ల దోవ. జానెడు బురద. చెప్పు దిగితే చెప్పు ఆడనే ఉండిపోతాది. ఎట్లా దిగబడతాం, గుంజేదానికి ఉండనీ అని దేవసహాయమన్న ఇంటి నుంచే తాడు తెచ్చుకున్యాడు.

…దిగబడలే కరుణాకరా. అదే చెప్తాండా. ఒకసారి జారింది. పక్కకు ఊగింది. ఆ తర్వాత నాలుగు చక్రాలూ పట్టు దొరకబుచ్చుకున్యాయి చూడు… దేవసహాయమన్న తాడు చుట్టి సీటు కింద పెట్టుకున్యాడు.

ఆడిదాకా బాగానే ఉంది. ఆ తర్వాత కొలత టేపు తీసినాం.

…నువ్వే కదప్పా చెప్పింది, యెనక సీట్లు మడిచి డిక్కీ కొలవండి, బొమ్మలు పట్టాల అని? చేను గట్టున బండి ఆపి, నేనొక కొన స్టీఫెన్ ఒక కొన పట్టినాం. ఆ పాప రాసుకుంటాంది. స్టీఫెన్ గొంతు నీకు తెలుసు కదా. ఊరంతా వినపడేటట్టు అరిసినాడు, "నలభై… అరవై" అని.

…అంగుళాలే. అడ్డం నలభై, పొడుగు అరవై. నీకు తెలుసు, నాకు తెలుసు. చేన్లో మందు కొడతాండే రైతుకేం తెలుసు? నలభై అరవై అంటే ఈ చుట్టుపక్కల ఒకటే అర్థం.

…ఆ. ప్లాటు.

ఒకాయన వచ్చినాడు. ఏం కొలుస్తాండారని మర్యాదగానే అడిగినాడు. స్టీఫెన్ బండి మీద చెయ్యేసి, "ఎస్టేటన్నా. కొత్త ఎస్టేటు. మన జిల్లాలో ఇదే మొదటిది" అని చెప్పినాడు.

…పొడుగు డిక్కీ ఉండే బండిని అట్లనే అంటారప్పా, ఏం చేస్తాం? యెనక వెండి రంగు అక్షరాల్లో రాసి కూడా ఉంది. ఆయన కూడబలుక్కోని చదువుకున్యాడు. ఈలేసినాడు.

…పది నిమిషాల్లో ముప్పై మంది. పోయినేడు ఎవరో రియల్ ఎస్టేటోళ్లు వచ్చి, చేన్ల మధ్య రంగు రాళ్లు పాతి, కాలవ దోవ మూసిపెట్టినారంట. ఈసారి వదిలేది లేదని ట్రాక్టరు అడ్డం పెట్టి మా తాళం చెవి గుంజుకున్యారు. పెద్దమనిషి పేరు లక్ష్మీనారాయణ. ఆయన జోబులో ఉంది.

…నీకు నవ్వులాటగా ఉంది. టౌన్లో ఒక రౌండు కొట్టి తెస్తామంటే ఆ పాప నా మొగం చూసి బండి తెచ్చింది. ఐదుకు బండి షోరూమ్‌లో లేకుంటే దాని ఉద్యోగం పోతాది. గట్టు మీద కూర్చోని ఉంది. ఏడవడం లేదు గానీ, కాగితాలతో విసురుకుంటాంది.

…ఏ ఊరా? గోస్పాడు దాటినాక కాలవ అవతల, కొత్తగా శివాలయం కట్టినారు చూడు, ఆ ఊరు.

…హలో? కరుణాకరా?… ఎందుకట్ల అరుస్తావ్? చెవి పోయింది నాది.

…నీ పేరు చెప్పద్దా? ఎందుకు?… అది అడగద్దంటే ఎట్ల?… ఏమన్నా చెప్పుకోవచ్చు, నీ పేరు మాత్రం… ఇంక యాడిదప్పా, చెప్పి పావుగంటయింది.

…మరి ఎట్ల నమ్మించాల? ఈ బండి ప్లాట్లకు కాదన్నా, ఆళ్లగడ్డ శిల్పి కరుణాకర్ కొంటాండాడు, దేవుని బొమ్మలు మోసేదానికి అన్యా. అంతే, గలాటా ఆగిపోయింది. నీకింత పేరుందని తెలీదు నాకు. సంతోషపడినా కూడా.

…ఆ. లక్ష్మీనారాయణన్న నవ్వినాడు. జోబులోంచి చెవి తీసినాడు. తీసి, లోపలి జోబులో పెట్టుకున్యాడు.

…ఏమన్యాడంటే, "ఆయప్ప మాకొక నంది ఇయ్యాల" అన్యాడు.

…మూడడుగుల నంది. పోయిన శివరాత్రికి ఇస్తానన్యావంట. తర్వాత ఉగాదికన్యావంట. ఇప్పుడేమో, నంది ఎప్పుడో అయిపోయింది, మీ దోవలో ట్రాక్టరు కుదుపులకు కొమ్ములు ఇరుగుతాయి, మంచి బండి దొరకనీ అంటాండావంట. గుళ్లో దేవునికెదురుగా పీఠం ఖాళీగా ఉందంటప్పా. పిల్లోళ్లు వంతులేసుకోని నందిలాగా కూర్చుంటాండారంట.

…అదే ఆయన కూడా అంటాండాడు. ఇప్పుడు మంచి బండి దొరికింది కదా అని. డిక్కీ మూడుసార్లు కొలిపించినాడు నాతోనే. నంది పడుకోంగా ఇంకా జాగా మిగులుతాది, పూజారిని కూడా పడుకోబెట్టచ్చు అంటాండాడు.

…నువ్వు చెప్తావా ఆయనకు? నంది ఉంటే ఉందని ఒక్క మాట… ఆగు. ఒక్క నిమిషం లైన్లో ఉండు.

ఏందన్నా?… అట్లనా… ఈడ నొక్కాలన్నా. ఆ, ఆ బొమ్మ మీద.

హలో. ఆ, ఉండా. చెప్పు… కాదు, చెప్పద్దు.

…ఊరికేనే. ఈడ గాలి ఎక్కువుంది, మాట శానా దూరం పోతాంది. నంది తయారుగా ఉంది కదా? ఉంది అను, చాలు.

…ఎందుకప్పా నిట్టూరుస్తావ్? నిజం ఇప్పుడు వద్దు. నిజానికి టైము లేదు.

…స్నేహితులమే. ఐదో తరగతి నుంచీ స్నేహితులమే. అందుకే చెప్తాండా, నాతో ఏం చెప్పుకోవద్దు. భారం దించుకునేదానికి ఆళ్లగడ్డలో ఎవరూ దొరకలేదా నీకు?

…కరుణాకరా. మన బళ్లో ప్రమీలమ్మ టీచరు గుర్తుందా? తలుపు యెనక నిలబడి మన మాటలన్నీ వినేది. ప్రతిసారీ నువ్వే దొరికేటోనివి. గుర్తు తెచ్చుకో. బాగా గుర్తు తెచ్చుకో.

…ఆమె ఆరోగ్యం బాగానే ఉందప్పా. నేను చెప్పేది అది కాదు.

…యా అల్లా.

…జూపాడు బంగ్లా ఊరోళ్లకు ఇచ్చేసినావా.

…వాళ్ల తిరునాల ముందర పడిందని. సరే. చూసి ముచ్చటపడి ఎత్తుకోని పోయినారని. సరే… వీళ్లకు ఇంకోటి చెక్కిద్దామని రాయి తెచ్చినావు. ఎంతవరకు వచ్చింది?

…ఇంకా రాయే.

…ఈ ఊరోళ్లు మంచోళ్లు, ఏది చెప్పినా నమ్ముతారు అని… ఇది అవసరమా కరుణాకరా? ఇది కూడా చెప్పాలా ఇప్పుడు?

…

స్పీకర్లో ఉంది.

…ఫోను. బానెట్ మీద పెట్టినాం. లక్ష్మీనారాయణన్న పెట్టమన్యాడు, నోరు మూసుకోమని సైగ కూడా చేసినాడు. ప్రమీలమ్మ టీచరును ఎందుకు తెచ్చినా అనుకున్యావ్?

…ముప్పై మందీ ఈడనే ఉండారు. లక్ష్మీనారాయణన్న అమ్మ ఆదిలక్ష్మమ్మ కూడా. ఆమెకు చెవుడన్యారు. ఇప్పుడు తల ఊపుతాంది.

హలో?… ఊపిరి వినపడతాంది, ఉండావు.

…కొట్టరులే. అరవడం కూడా లేదు ఎవరూ. అదే కొంచెం భయంగా ఉంది. ఆగు, అందరూ ఒక చోట చేరినారు. ఏదో తేలుస్తాండారు.

…

కరుణాకరా, విను. లక్ష్మీనారాయణన్నా, ఇంకో ఇద్దరూ ఆళ్లగడ్డ వస్తాండారు. ఈ బండ్లోనే. నీ ఇంట్లో కూర్చుంటారంట.

…ఎన్ని దినాలంటే, నువ్వు ఉలి పట్టినప్పటి నుంచి నంది మూతి కనపడేదాకా. కార్తీక మాసానికి పీఠం మీద ఉండాలంట. సిరికి కష్టం కాకుండా బియ్యం వాళ్లే తెచ్చుకుంటాండారు. మంచోళ్లని నువ్వే అన్యావు కదా.

…ఆ పాప మేనేజరుకు ఫోను చేసింది. పార్టీ గట్టిది, ఇంటికి తీసకపోయి చూపెట్టాలంటాండారు అని. బుకింగు ఖాయమైతే ఎనిమిదికి తెచ్చినా ఏమనను, లేకుంటే రేపటి నుంచి రావద్దు అన్యాడంట. ఇప్పుడు నీ మాట మీద ఉంది కరుణాకరా, ఒకరి ఉద్యోగం.

…ఆలోచించుకో. ఈలోపల మేం కదులుతాం. ఆ ట్రాక్టరు…

…ట్రాక్టరు తీయలే. తీయబోతే దిగబడింది. వాళ్లదే, మాకు అడ్డం పెట్టినదే. ఇరుసు దాకా పోయింది. దేవసహాయమన్న ఇప్పుడు తాడు బయటికి తీసినాడు. ఇచ్చేదానికి కాదు, చూపెట్టేదానికి.

…చుట్టూ తిరిగి, చేను అంచున పోవాల. ఏడు మందిమి. స్టీఫెన్ తోలతాండాడు, పక్కన వినీత, నడిమి సీట్లో వాళ్లు ముగ్గురు. నేనూ దేవసహాయమన్నా డిక్కీలో.

…యాడిది అరవై? సీట్లు లేపినాక సగమయింది. దేవసహాయమన్న మోకాళ్లు ముడుచుకోని, టోపీ మొగం మీద పెట్టుకోని పండుకున్యాడు. నేను పొద్దున్నే చెప్పలేదా అంటాండాడు.

పోతాండాం… పోతాంది… జారింది. స్టీఫెన్, పక్కకు, పక్కకు… ఆగిందా?… లేదు. పట్టుకుంది. పట్టుకుంది కరుణాకరా. ట్రాక్టరు పక్క నుంచే పోతాండాం. దాని మీద ఉన్నాయన మమ్మల్ని చూడడం లేదు.

…గట్టెక్కినాం. వాళ్లు ముగ్గురూ యెనక్కి తిరిగి ట్రాక్టరునే చూస్తాండారు.

…ఆగు, లక్ష్మీనారాయణన్న ముందుకు వంగినాడు. ఇదెంతని ఆ పాపను అడుగుతాండాడు. డీజిల్‌దా, పెట్రోలుదా అంటాండాడు. పాప కాగితాలు విప్పింది. నువ్వు తొందరగా తేల్చుకో. లేకుంటే నీ వంతు ఆయన తీసుకునేటట్టు ఉండాడు.

…తీసుకుంటావా? గట్టిగా చెప్పు, పాప వినాల… పాపా, రాసుకో. కరుణాకర్, ఆళ్లగడ్డ. అయింది. దాని మొగం చూడాల్సిందప్పా నువ్వు. కాగితాలతో విసురుకోవడం ఆపేసింది.

…ఎంతసేపట్లో వస్తామంటావా? గంట. రోడ్డు బాగుంటే ముక్కాలు గంట.

…ఎందుకడుగుతాండావ్?

…కరుణాకరా. ఆ శబ్దమేంది?

…మోటార్ సైకిలే. రోడ్డు మీద మోటార్ సైకిళ్లు ఉంటాయి, నాకూ తెలుసు. ఒకే చోట నిలబడి ఎందుకు మోగుతాంది?

…సిరి ఎందుకు అరుస్తాంది యెనక నుంచి?

…వద్దప్పా. చెప్తాండా, వద్దు. తారు రోడ్డు మీద పోయినా, రేగడి చేన్లకు అడ్డం పడి పోయినా, నువ్వు ఇప్పుడే కొన్న బండే నిన్ను పట్టుకుంటాది. నాలుగు చక్రాలప్పా. నాలుగూ లాగుతాయి.

హలో?… హలో?

కట్ చేసినాడన్నా… ఏం భయం లేదన్నా, వానిది రెండు చక్రాల బండి. స్టీఫెన్, తొక్కు.