దొరసాని టాపు

హలో… ఆ, నేనేనే, అమ్మని. … ఏం కాలేదు. ఏం కాలేదని చెప్పడానికే చేశా.

… గొంతు మామూలుగానే ఉంది. నా గొంతు ఎప్పుడూ ఇంతే.

… తిన్నావా? … సరే. పాలిష్ షాపు నుంచి బయల్దేరావా? … ఇంకా ఇవ్వలేదా. ఇవ్వనీ. తొందరేం లేదు.

… చిన్నీ, ఊరికే అడుగుతున్నా. నీ కారు డోరు లోపలి నుంచి ఎలా తీస్తారు?

… ఊరికేనే.

… హ్యాండిల్ తిప్పితేనే వస్తుందా. ఆ హ్యాండిల్ ఇప్పుడెక్కడుంది? … పాలిష్‌కిచ్చిన వాటిల్లో. ఆహా. … రెండు డోర్లవీనా? అద్దాలు దించే పిడులు కూడానా? … అన్నీ ఒకేసారి పట్టుకెళ్లావన్నమాట. బుద్ధిమంతురాలివే.

… నేనా? నేను కారులో ఉన్నా.

… ఏ కారేంటి, మనకి పది కార్లున్నట్టు. నీ దొరసానిలోనే. షెడ్డులో. ఎక్కాను, డోరు పడిపోయింది.

… అరవకు. పక్కన ఆ పాలిషాయన ఉంటాడు, ఏమనుకుంటాడు.

… కాస్త సేపైంది. ముందు నేనే ప్రయత్నం చేశా. తర్వాత దేవుణ్ణి తలుచుకున్నా. తర్వాత నీకు చేశా.

… మీ నాన్న ఇంట్లోనే ఉన్నారు. కానీ రాలేరు. షట్టరుకి లోపల గడియ పెట్టా. … పెట్టానంతే. షెడ్డులో ఒక్కదాన్నే ఉన్నా, గడియ పెట్టుకోకూడదా?

… పట్టపగలైతే ఏం? దొంగలకి పగలు సెలవా?

… చిన్నీ, ఒకటి చెప్పు. దీంట్లో గాలి ఎంతసేపు సరిపోతుంది? … నవ్వకు. అద్దాలన్నీ పైకెత్తి పెట్టావు, పైన గుడ్డ టాపు బిగించి ఉంది, డబ్బాలో పెట్టి మూత పెట్టినట్టుంది.

… రబ్బర్లు ఇంకా వెయ్యలేదా? … అన్ని సందుల్లోంచీ గాలొస్తుందా. సరే, నీ పని పూర్తికాకపోవడం కూడా ఒకందుకు మంచిదే అని మొదటిసారి అంటున్నా.

… ఇంకోటి. ఇది దొర్లుతుందా? … హ్యాండ్ బ్రేకు కాదు, చక్రాల కింద ఇటుకలు పెట్టావా అని. … పెట్టావు. గట్టి ఇటుకలేనా? … దొర్లితే షట్టరుకే గుద్దుకుంటుంది కానీ, షట్టరు అవతల మీ నాన్న నిలబడి ఉన్నారు. అదీ నా బాధ.

… ఆ, అది ఆయన కొడుతున్న చప్పుడే. నేను కేకేస్తే వచ్చారు. … ఏమండీ! ఏమండోయ్! కొట్టకండి, చిన్నీతో మాట్లాడుతున్నా! … ఏంటి? … ఏంటండీ?

… ఏం లేదే. ఆయన కళ్లజోడు ఎక్కడుందని అడుగుతున్నారు.

… చెప్పు. డోరు మీద అట్ట తీసేసి ఉంది, ఇనుము కనిపిస్తోంది. … ఆ, నలుచదరంగా ఓ ముక్క పైకొచ్చి ఉంది. … వేళ్లతో తిరగట్లేదు. … కటింగ్ ప్లేయర్ ఉంది. బల్ల మీద. అద్దంలోంచి చక్కగా కనిపిస్తోంది, కొత్తదా అది? … నా దగ్గరా? నా దగ్గర కత్తెర ఉంది. … పట్టా. జారిపోతోంది. … ఇంకేం ఉంటాయి, సూది, దారం, వేలికి తొడుక్కునే అంగుస్తాన.

… కారులోకి సూదీ దారం ఎందుకంటే… ఎక్కడో కుట్టు వదులైనట్టు అనిపించింది. టాపుకి. … ఇప్పుడు బాగానే ఉంది.

… టాపు తెరవాలా?

… తెరిచి పైనుంచి దిగాలా. ఈ వయసులో. నా మోకాళ్లతో. … సీటు మీద నిలబడి, డోరు మీద కాలేసి. ఆ, విన్నా. … ముందద్దం పైన రెండు వైపులా రెండు క్లిప్పులుంటాయి, పిడి పట్టుకుని వెనక్కి లాగితే ఊడుతుంది, టాపు మొత్తం వెనక్కి తోసెయ్యాలి. … తెలుసు. మొన్న నువ్వు తెరవడం చూశా కదా.

… రావట్లేదు.

… లాగాను. … రెండోదీ రావట్లేదు. … మొన్న సులువుగానే వచ్చిందని నాకూ తెలుసు.

… నేనేం చెయ్యలేదు.

… చిన్నీ, నువ్వు కూర్చున్నావా, నిలబడ్డావా? కూర్చో ముందు.

… కుట్టేశాను.

… టాపుని కాదు. ఆ క్లిప్పుల పిడుల్ని. పిడి కదలకుండా పట్టీ చుట్టి, టాపు అంచుకి కలిపి కుట్టేశాను. ఒక వైపు పూర్తయింది, రెండోది సగంలో ఉంది. అది కుడుతుంటే బయట పిల్లి చప్పుడైతే మీ నాన్నేమోనని డోరు లాక్కున్నా. అదిగో, అప్పుడు పడింది.





… తిట్టు, ఫర్వాలేదు.

… ఎందుకేంటి? రేపు నువ్వు ఆ కొండదారిలో దీన్నేసుకుని పాత కార్ల ఎగ్జిబిషన్‌కి పోతానంటున్నావు. ఒక్కదానివే. అదీ నెత్తి మీద కప్పు లేకుండా. లారీవాడు పక్కనుంచి పోతూ ఏదైనా విసిరితే? కొండ మీంచి రాయి దొర్లితే? మేడ మీంచి ఎవరైనా పూలకుండీ తోసేస్తే? … కొండ మీద మేడలుండవు, సరే. గద్ద? … గద్ద నోట్లోంచి ఏదైనా జారితే? నవ్వులాట కాదు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు.

… అవును, టాపు నేనే కుట్టా. నా మిషను మీదే. సూదులు ఎన్ని విరిగాయో ఆ కాన్వాసుకి. … నువ్వడిగావు, కుట్టాను. మూసుకోడానికని కుట్టాను. తెరవడానికని నువ్వు చెప్పలేదు. కప్పు అంటే ఎవరైనా కప్పుకోడానికే వేసుకుంటారు గానీ, తీసి పక్కన పెట్టడానికా?

… అలాంటి కార్లు అలాగే ఉంటాయని నాకేం తెలుసు. మన వంశంలో ఎవరికి ఉంది కారు? తోపుడు బండికి కూడా పరదా ఉంటుంది.

… రేపా? రేపు ఏమయ్యేది, తెరుచుకునేది కాదు. మూసుకునే వెళ్లి, మూసుకునే వచ్చేదానివి. ప్రాణాలతో.

…

… అందరి ముందూ. ఊఁ. … ఆడపిల్లకి రిపేరు పనెందుకని నిన్ను స్పానర్లు తుడుచుకోమన్న ఆ పాత మేస్త్రీ కూడా వస్తాడా? … ఆయన ముందు టాపు తెరుద్దామనుకున్నావు. … నాకు చెప్పలేదే.

… చెప్పావా? … ఎలకలు గూళ్లు పెట్టిన కారు, ఇలాంటివి లోకంలో రెండో మూడో ఉన్నాయి, అది చెప్పావు. ఇంజన్ సంగతి చెప్పావు, నాకు సగం అర్థం కాలేదు. మేస్త్రీ సంగతి చెప్పలేదు.

… ఏడుస్తున్నావా? … జలుబా. పొద్దున లేదే జలుబు.

… సరే. వినవే. తప్పే. నువ్వు ఏడాదిపాటు ఆ షెడ్డులో పడి ఉన్నావు, రేకు అద్దంలా అయ్యేదాకా రుద్దావు, నీ వేళ్లకి నేనే మందు రాశాను. చివర్లో నేనొచ్చి రెండు పిడులు కుట్టేశా. కొరివితో తల గోక్కున్నట్టయింది. అదీ ఎవరి తల? మొదట నీ తల, ఇప్పుడు నా తల.

… ఏంటీ?

… మళ్లీ చెప్పు.

… టాపు కోసెయ్యాలా? కత్తెర ఉందిగా అంటావా. కోసుకుని బయటికి రమ్మంటావా.

… నోర్ముయ్.

… గుడ్డే కదా అంటావేంటి? రేపు పొద్దున దేనితో పోతావు, గొడుగేసుకునా? … ఎగ్జిబిషన్ పోతే పోయిందా. నాకేమైనా అయితే వద్దా. … నాకేమీ కాలేదు. చెమట పట్టిందంతే. భయపడేది నేను, నువ్వు కాదు. ఇంట్లో ఆ పని ఒక్కళ్లం చేస్తే చాలు.

… విప్పుతాను. కుట్టినదాన్ని విప్పలేనా? … కత్తెరతో కాదు, ఇది పెద్ద కత్తెర, దీని మొన పెడితే అంచు తెగుతుంది. సూదితో ఒక్కో కుట్టూ లేపి తియ్యాలి. మైనం పూసిన జంట దారం, గట్టిగా లాగి మరీ ముడేశా. పాపిష్టిదాన్ని, పని మాత్రం శ్రద్ధగా చేస్తా.

… ఉండు, నిన్ను స్పీకర్‌లో పెడతా. … వినిపిస్తోందా? ఒళ్లో పెట్టుకున్నా నిన్ను.

… హ్యాండిళ్లు ఇచ్చేశాడా? మెరుస్తున్నాయా? … సరే, అక్కడే ఉండి మాట్లాడు, ఈ పనయ్యాక బయల్దేరుదువు.

… వస్తోంది. ఒకటి వచ్చింది. … ఏమండీ! మళ్లీ ఏంటండీ ఆ చప్పుడు? … గ్రైండరా? వద్దు! ముట్టుకోకండి! … చిన్నీ, మీ నాన్న గ్రైండర్ పెట్టి షట్టరు కోస్తానంటున్నారు. షట్టరు పక్కనే నీ పెట్రోలు డబ్బా ఉంది. నిప్పురవ్వ పడితే నేను బయటికి రావడం ఖాయం, ఎంత ఎత్తుకి వస్తానో చెప్పలేను. … ఏమండీ! పోయి కూర్చోండి! కళ్లజోడు ఫ్రిజ్ మీదుంది!

… వెళ్లారు. కళ్లజోడు దొరికితే చాలు ఆయనకి.

… మొదటి పిడి వదిలింది. … ఆ, లాగాను, టక్కుమంది. … గుడ్డకేం కాలేదు. లోపలి పట్టీకే కుట్టా, పైగుడ్డకి సూది తగల్లేదు. నువ్వు చూసినా కనుక్కోలేవు. … గొప్పలు కాదు, చెబుతున్నా.

… ఈ టాపు లోపలి నుంచి చూడ్డం ఇదే మొదలు. కుట్లన్నీ వరసగా వచ్చాయి. వెనకాల ఆ చిన్న అద్దం దగ్గర వంకర పోతుందనుకున్నా, పోలేదు. … అలాగా? నాతో ఎప్పుడూ అనలేదే. ఎవరితో అన్నావు? … పాలిషాయనతోనా. అందరితోనూ అంటావు, నాతో తప్ప.

… మా అమ్మే కుట్టిందని బోర్డు మీద రాయించావా? కారు ముందు పెట్టే బోర్డు మీదా?

…

… ఏం లేదు. దారం కంటికి అడ్డమొచ్చింది.

… చిన్నీ. రేపు తెరుచుకునే పో. … ఆ, కొండదారిలో కూడా. … లేదు, మళ్లీ కుట్టను. ఒట్టు పెట్టను గానీ, కుట్టను. … చున్నీ మాత్రం మెడకి చుట్టుకోకు, గాలికి ఎగురుతుంది. నీళ్లు పెట్టుకో. ప్రతి మలుపులోనూ హారన్ కొట్టు. … ఇది జాగ్రత్త చెప్పడం, భయం కాదు. ఈ రెండింటికీ తేడా ఉంది, నీకు పిల్లలు పుట్టాక తెలుస్తుంది. లేకపోతే లేదు.

… రెండో పిడి దగ్గరికొచ్చా. ఇది సగమే కుట్టా కదా, తొందరగానే వస్తుంది. … వచ్చింది ఒకటి. … నాలుగైదు ఉన్నాయంతే.

… అదేంటి చప్పుడు?

… కాదు, మీ నాన్న కాదు. నీ వైపు. … పాలిష్ షాపులో బస్సు హారనెందుకు మోగుతుందే?

… రోడ్డు మీదే ఉంటుందా షాపు. సరే. మరి ఆ గాలి? హోరుమంటోంది. … చిన్నీ, ఫోను ఎక్కడ పెట్టుకున్నావు?

… నిజం చెప్పు. హెల్మెట్‌లో దూర్చావా?

… ఇప్పుడే అనకు. ఎప్పట్నుంచి నడుపుతూ మాట్లాడుతున్నావు? హ్యాండిళ్లు ముందే ఇచ్చేశాడా? … నేను కుట్టేశానని చెప్పినప్పుడు బండి మీదే ఉన్నావా? కూర్చో అంటే ఆ స్కూటర్ మీద కూర్చునే ఉన్నావా? … ఆ జలుబుతో, కళ్లనిండా నీళ్లతో, బస్సుల మధ్య.

… ఆపు. పక్కకి ఆపి మాట్లాడు. … ఆపానంటావు, గాలి కొడుతూనే ఉంది. నా దగ్గరా నీ వేషాలు?

… నేను ఇక్కడ ఒక్కదాన్నే ఉన్నానని తెలుసే. ఆ సంగతి నువ్వు నాకు చెప్పాలా. … భయంగానే ఉంది. ఒళ్లో నీ మాట వినిపిస్తుంటే సూది కాస్త నిలకడగా నడిచింది. దానికేం, అదే నడుస్తుంది. … కుట్లు వస్తే వస్తాయి. రాకపోతే కూర్చుంటా, సీటు మెత్తగా ఉంది. నువ్వు నెమ్మదిగా ఇంటికి రా, షట్టరు సంగతి అప్పుడు చూద్దాం.

… వద్దు. ఏదైనా ఇంటికొచ్చి చెప్పు. … నువ్వు ఫోను పెట్టవని నాకు తెలుసు. నేనే పెట్టేస్తున్నా.

… రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టు. ముందుకి చూడు. … ఊఁ. ఉంటా. … మళ్లీ చెయ్యకు. చేసినా ఎత్తను.