మావయ్య గొంతు ఉన్న ఫైలు

అలా సూడకండి మావయ్యా! పటంలోంచి మీరలా సూత్తే నాకు పని సాగట్లేదు. నేనేటి, కావాలని సేసినానా?

సాయంత్రం మీరు పోయిన ఏడాదికి ప్రార్థన కూడిక. ఓల్డ్ సెటిల్‌మెంట్ రైలు కోటర్లలో ఉండే మన తెలుగోళ్ళందరూ వత్తారు. మీరు పోయే ముందు క్రిస్మస్‌కి దేవుడి మేలు తలుసుకుని సెప్పిన సాక్ష్యం వీడియోని ఈ కొత్త టీవీలో పెట్టాలి. అత్త అడిగింది అదొక్కటే. ఆవిడకి కళ్ళు ఎలాగూ కనబడవు గదా! "ఓలమ్మీ వినీలా, ఆయన గొంతు ఒక్కపాలి ఇనిపించే" అంది.

మీ చిన్నోడు సిరిల్ ఇక్కడ వదిలెళ్ళిన కంప్యూటర్లోంచి పంపితే టీవీ తీసుకోనేదు. ఎమ్‌కేవీ రకం ఫైలంట, దీనికి అది పడదంట. రైల్వేలో సేసిన మీకు తెలిసేలా సెప్పాలంటే, మీటర్ గేజీ బండిని బ్రాడ్ గేజీ పట్టాల మీద పెట్టినట్టు. ఏవీఐ సేసినాను, బొమ్మ ఆగాగి కదిలింది. ఎమ్‌పీఫోర్ సేసినాను. అబ్బ! మీ మొకం, మీ నీలం స్వెట్టరు, సక్కగా వచ్చీసినాయి.

నిన్న అది టీవీలో ఆడతన్నప్పుడు అత్త ఇంట్లో నేదు, నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతన్నాను. హాల్లోంచి మాటలు ఇనిపించినాయి. బొమ్మా వచ్చింది, మాటా వచ్చింది, ఠీక్ హై అనుకున్నాను. కంప్యూటర్లో సోటు నేదని పాత ఫైలు తీసీసినాను. రీసైకిల్ బిన్ కూడా కాళీ సేసీసినాను. ఆ కాళీ అయిన సోటులోనే కూడికకి పాటలు, ఫోటోలు ఎక్కించీసినాను.

ఈ పొద్దున్న మళ్ళీ పెట్టి, ఎదురుగా నిలబడి సూసినాను. మావయ్యా, పెదాలు కదుల్తన్నది మీవి, గొంతు సిరిల్‌ది. బెంగాలీలో!

గుర్తుందా? వాడి అత్తోరికి తెలుగు రాదని, మీరు సెప్పిందంతా వాడు బెంగాలీలో సదివి, అదే ఫైల్లో రెండో సౌండుగా ఎక్కించినాడు. ఏది కావాలంటే అది పెట్టుకోవచ్చు. నేను ఫార్మాట్ మార్సినప్పుడు ఒక్క సౌండే మిగిలింది. మిగిలింది వాడిది.

నిన్ననే ఎందుకు తెలీనేదు అంటారా? బజార్లో బెంగాలీ, పిల్లల బడిలో బెంగాలీ, పక్కింటి దీదీతో బెంగాలీ. సెవిన పడేది ఏ బాసో నాకు పట్టింపే నేదు మావయ్యా. మనిసి మాటే గదా అనుకున్నాను.

గోల్ బజార్లో కంప్యూటర్లు బాగుసేసే బెంగాలీ దాదా దగ్గరికి పరిగెట్టినాను. "దాని మీద వేరేవి ఎక్కించీసావు గదా, ఇంక రాదు" అనీసాడు. సిరిల్‌కి ఫోన్ సేత్తే, "ఇంకెక్కడా నేదు వదినా" అని ఏడ్సినాడు.

అదిగో, అత్త తలదువ్వుకుని, తెల్లసీర కట్టుకుని, టీవీ ముందు కుర్సీ ఏయించుకుంది. ఇంకా ఎవులూ రానేదు, తనే ముందు. సౌండు పెద్దగా పెట్టమంటంది. నేను రిమోట్ పట్టుకుని ఇక్కడే నిలబడున్నాను. టీవీ పాడైపోనాదని అబద్ధం ఆడనా? ఎన్నాళ్ళు ఆడతాను?

పోనీ, మీరెలా మాటాడేవోరో, అలాగే నేను అత్తకి సెప్పి ఇనిపిద్దామనుకున్నాను. పొద్దున్నుంచీ గుర్తు తెచ్చుకుంటన్నాను. "అమ్మా వినీలా, కాస్త టీ ఎట్టవే" అని రోజూ అడిగేవోరు గదా?

ఆ మాట కూడా నాకు సిరిల్ గొంతుతోనే ఇనిపిస్తంది మావయ్యా. బెంగాలీలో.