కింది గడియ

హలో… ఆ, నేనే. నేనే మావా, సింహాచలాన్ని… నాలుగుసార్లు మోగి మోగి ఆగిపోయింది. ఎత్తవేటి?

…డ్యూటీలోనా. ఎక్కడ?… ఖిదిర్‌పూరు కాడా. గుసగుసలాడతావేటి, ఇంజినీరు బాబు పక్కనున్నాడా?… మేన్‌హోల్లో దిగలేదు గదా ఇంకా? అయితే ఇను.

తలుపు బయటనించి గడియెట్టేసి ఉంది.

…మన తలుపే! ఇంకెవుల తలుపు గురించి నీకు ఫోన్ సేస్తాను! రొండు గడియలూ. పైదీ, కిందదీ. తెల్లారగట్ల పిల్లకి సెంచాతో పాలు పట్టి, గోడవేపు తిరిగి సీర మార్సుకుంటన్నాను. ఇంతలో టక్‌మని పైది. ఆ తరవాత కిర్రుమని కిందది. అది తుప్పట్టి సచ్చింది గదా, రొండు సేతులూ ఏసి లాగితే గానీ కదలదు. లాగినప్పుడు మూలిగింది. మీ యమ్మ మూలుగు నాకు తెలీదేటి?

…నువ్వు అడగలేదేటి ఆవిణ్ణి? … నీకేటీ తెలీదా. సరే. తెలీకపోతే ఇప్పుడు తెల్సింది గదా, బేగి రా.

…ఎందుకంటే ఏటి మావా! ఇయ్యాల ఏ రోజు? పదింటికి ఆసుపత్రిలో పిల్ల పేరు పిలుస్తారు. పేరెక్కడుంది దీనికి, "సింహాచలం బేబీ" అని రాసేరు లిస్టులో. పదిలోపు లేకపోతే లిస్టులో తరవాత పిల్లని తీసుకుపోతారు. ఆ క్యాంపు డాక్టర్లు ఎల్లుండి ఎలిపోతారు. మళ్ళీ ఎప్పుడొస్తారో ఆళ్ళకే తెలీదు. సీలిన పెదవి కుట్టాలంటే మూడు నెలలు నిండాల, ఐదు కిలోలు దాటాల అన్నారు. దాటించేను గదా! ఒక్కొక్క సెంచా, ఒక్కొక్క సెంచా. సగం ముక్కులోంచి వచ్చీసేవి. తుడిసి మళ్ళీ పట్టేదాన్ని. రోజుకి పన్నెండుసార్లు మావా, ఇదేదో నీకు తెలీనట్టు సెప్తన్నాను.

…అదే సెప్తన్నాను, ఇప్పుడు పట్టకూడదు. ఐదింటి తరవాత ఒక్క సుక్క లోపలికెళ్ళినా మత్తివ్వరు. అందుకే ఏడస్తంది. ఇంటన్నావా?… ఆకలి ఏడుపు. నా జాకెట్టు తడిసిపోయింది. పక్కనే పాలగిన్నె. పట్టేనంటే ఊరుకుంటాది, పట్టేనంటే ఆపరేషను పోద్ది. మీ యమ్మకి అదీ తెల్సు. ఎంతసేపు ఓర్సుకుంటాదిలే, తల్లి గదా, పట్టేస్తాది అనుకుంది.

…కిటికీకి ఊసలున్నాయి మావా. నేనేటి పిల్లినా?

…అరిసేను. పక్కింటి అమ్మన్నమ్మ పిన్నిని పిలిసేను. "మీ అత్తాకోడళ్ళ మద్దిన నేను రాను తల్లీ, పిల్ల మీద కత్తి పెట్టకూడదని మన కులపెద్ద, గురువులు పెద్ద మాట ఉంది" అనీసి ఎలిపోయింది. మొన్న మీ యూనియన్ లీడరు దాదాకి కూడా సెప్పుకున్నాను, ఆయన మాటైనా ఇంటారేమోనని. ఆయన నవ్వి, "దేవుడే లేడు దీదీ, ఇంక దేవుడి పని ఏటి, తప్పేటి" అని టీ తాగి ఎలిపోయేడు. అదీ బాగుంది. దేవుడు లేకపోయినా గడియ ఉంది గదా!

…ఏటన్నావు? మళ్ళీ అను.

…"దేవుడు సేసినదాంట్లో వంక ఉండదు." ఇది నీ మాట కాదు, గురువులు పెద్ద మాట. మొన్న అమ్మోరి గుడి కాడ మైకులో అన్నాడు, నేనూ ఇన్నాను. బెమ్మదేవుడు లోపం లేనోడు. లోపం లేనోడి సేతిలోంచి లోపమున్నది రాదు. వచ్చిందంటే మద్దిన ఎవులో సెయ్యెట్టేరు. అంతే గదా? అందరూ తలలూపేరు. నువ్వూ ఊపేవు, నేను సూసేను.

మరి నాకొకటి సెప్పు. వంక లేదంటే, పిల్ల మూతి బాగున్నట్టే గదా? బాగుంటే మరి సాయంత్రం గుడి కాడ అందరి ముందూ మైకులో, నేను తడిసీరతో యేపమండ పట్టుకుని ఏ తప్పు ఒప్పుకోవాల?

…ఆ. "వంకుంది గానీ అది నీ వల్ల వచ్చింది" అంటావు. సరే, నా వల్లే అనుకో. అలాగే అనుకో. నేను పాడుసేసిన మూతిని డాక్టరు కుడితే దేవుడికెందుకు కోపం? ఆయన పని మీద కత్తి పెట్టినట్టు కాదు గదా. నా పని మీద పెట్టినట్టు!



అటు తిప్పితే దేవుడి పని, ముట్టుకోకు. ఇటు తిప్పితే నీ పని, ఒప్పుకో. ఎటు తిప్పినా నా నెత్తి మీదకే వస్తాది. మంచి పెద్దలే దొరికేరు మనకి.

…గ్రహణం నాడా. అదే మళ్ళీ సెప్పించుకుంటావా నా సేత? సెప్తాను. పోయినేడు అమాస. నెల తప్పి పదేను రోజులే. తెల్లారకముందే లేపింది మీ యమ్మ. కత్తిపీట, సూది, తాళంసెవి, ఆఖరికి జాకెట్టు పిన్నీసులు కూడా ఏరి బయట పెట్టింది. సాప మీద ఎల్లకిలా పడుకోబెట్టి, సెయ్యి ముడవకు, కాలు ముడవకు, గోక్కోకు అంది. ఇదే తలుపు. ఇవే రొండు గడియలు. గ్రహణం ఇడిసిందాకా కట్టెలాగ పడున్నాను. ఈగ ముక్కు మీద వాలితే ఊదుకున్నాను గానీ సెయ్యెత్తలేదు. ఊరంతా మేడలెక్కింది. బెంగాలీలు శంఖాలూదేరు. నువ్వు ఎక్స్‌రే కాయితం పట్టుకుని మేడ మీదకి ఎల్లేవు. "మబ్బేసీసింది, ఏటీ కనపళ్ళేదు" అని దిగొచ్చేవు. నాకు గోడ మీద పెచ్చులు కనపడ్డాయి.

మరి లోపలుండి నేనేటి కోసేను? దేంతో కోసేను? పళ్ళతోనా?

…మీ యమ్మకీ తెల్సు! గుమ్మంలో కూకున్నది ఆవిడే గదా. లోపల కత్తి లేదని ఆవిడకన్నా ఎవులికి తెల్సు? కానీ అది సెప్పిందంటే, నా కోడలు అన్నీ సేసింది, అయినా ఇలాగయ్యింది అనాల. అన్నాక ఇంక ఎవులికి మొక్కుద్ది? పొద్దున్న లేసి ఏ పటానికి దణ్ణమెట్టుద్ది? నేను తప్పు సేసేనంటే పని సులువు. పటం పటంలాగే ఉంటాది.

…ఆవిణ్ణి తిట్టడం లేదు మావా. రేత్రి నేను పడుకున్నాననుకుని పిల్లని ఒళ్ళో ఏసుకుని, ఆ సీలిక మీద వేలెట్టి, ఏడస్తాది. సూసేను. ఆవిడకీ బయ్యమే. బయ్యమున్నోళ్ళ సేతుల్లోనే గడియలుంటాయి, అదీ మన కరమం.

…నీకూ బయ్యమా. తెల్సు.

ఆ కాలవ గురుతుందా? వాట్‌గంజ్ సందులోది. ఇంజినీరు బాబు కాయితం మీద గీసేడు, మీరు తవ్వేరు, నీళ్ళు ఎనక్కి పోయేయి. ఏటన్నారు? గీత ఒప్పు, తవ్వినోడిదే తప్పు అన్నారు. తప్పు నాదేనని నువ్వొక్కడివీ సంతకం పెట్టేవు. ఏల పెట్టేవయ్యా అంటే, "ఆ బాబుది తప్పంటే ఎవులు నమ్ముతారే" అన్నావు. రొండు రోజులు అన్నం ముట్టలేదు. నేను కలిపి నోట్లో పెడితే మింగేవు.

ఆ సంతకమే నన్నూ పెట్టమంటన్నావు. మైకులో.

…పెట్టేస్తే అయిపోద్దా? అయిపోతే పెట్టేద్దును. నేనేటి మహారాణినా, నా మాటకేటి ఇలవ! కానీ ఈ పిల్ల పెద్దదవుద్ది మావా. అద్దం సూసుకుంటాది. అమ్మా, ఏల ఇలాగుంది అని అడుగుద్ది. నేను సెప్పకపోయినా అమ్మన్నమ్మ పిన్ని సెప్తాది, మీ యమ్మే సేసిందే, అందరి ముందూ ఒప్పుకుంది అని. అప్పుడు నా మొకం సూస్తాదేటి ఇది?

…ఉండు, ఎక్కిళ్ళెడతంది. ఓ… ఓ… నా బంగారు తల్లి… పిడికిలి సీకుతంది మావా. సీకడం రాదు గదా దీనికి, ఉత్తినే నాకుతంది. గాలి పోతంది పక్కనించి.

…ఛార్జి ఒక్క గీతుంది. బేగి సెప్పు. బయల్దేరతావా లేదా? ఆటో ఎక్కితే పావుగంట. పిల్లని పట్టుకుని నేను సిద్దంగా ఉన్నాను, సెప్పులేసుకునే ఉన్నాను. నువ్వు గడియ తీసి ఎలిపో, ఆసుపత్రికి నేనొక్కద్దాన్నీ ఎల్తాను. సాయంత్రం మీ యమ్మ నన్ను ఏటన్నా పడతాను.

…ఏటీ ఇనపళ్ళేదు. కుళాయొచ్చింది వరండాలో, గురగురమంటంది. గట్టిగా సెప్పు.

…ఆగు.

ఆగాగు. మాటాడకు.

నీ ఫోన్లోనూ గురగురమంటంది.

…ఖిదిర్‌పూర్లో కూడా కుళాయిలుంటాయి, తెల్సు. కానీ ఖిదిర్‌పూర్లో అమ్మన్నమ్మ పిన్ని లేదు గదా మావా. "కాలు తియ్యి ఎంకటేశూ, బిందెట్టుకోవాల" అని నిన్నే అంటంది. తలుపవతలా అంటంది. నీ ఫోన్లోనూ అంటంది.

…

…

ఎప్పట్నుంచున్నావు?

…మీ యమ్మ గడియెట్టినప్పుడూ ఉన్నావా.

…ఆవిడ గుడికెల్తా నిన్ను కాపలా ఎట్టిందా. నువ్వు ఫోను మోత ఇనపడకుండా నొక్కేసి కూకున్నావా.

అయితే ఇందాక పిల్ల గుక్కపట్టినప్పుడు… నేను తలుపుకేసి తల కొట్టుకుంటే, అది నీ ఈపుకి తగిలిందేటి?

…ఓలమ్మ. ఓలమ్మో. ఒక్క సెక్క గదా మావా మనిద్దరికీ అడ్డం. ఊరవతల ఉన్నోడితో మాటాడినట్టు మాటాడతన్నాను. ఛార్జి అయిపోతందని బయ్యపడి మాటాడతన్నాను!

…ఏడవకు. అమ్మన్నమ్మ పిన్ని సూస్తాది. ఏడవకని సెప్తన్నానా.

…లేదు, తిట్టను. తిట్టే ఓపిక లేదు. నాకొకటి తోస్తంది, అంతే. ఆ బెమ్మదేవుడు కూడా ఇలాగే కూకున్నాడేమో, గుమ్మం మీద, ఈపు ఇటేసుకుని. అన్నీ ఇనపడతాయి. సెయ్యెత్తితే గడియందుతాది. ఎత్తడు. లోపలున్నదాందే తప్పని గురువులు పెద్ద మైకులో సెప్తాడు.

ఆయన సంగతి నాకు తెలీదు. ఆయనకేటి కారణముందో. లోపం లేనోడంట, ఆయన్ని నేనేటి అడగ్గలను? నువ్వు కాదు గదా. నీకు అన్నీ లోపాలే మావా. సంతకం పెట్టమంటే పెట్టేస్తావు. అమ్మకి బయ్యపడతావు. ఖిదిర్‌పూర్లో ఉన్నానని పెళ్ళానికి అబద్ధమాడతావు. ఇన్నిట్లో ఇంకొక్క తప్పు సేస్తే ఎవులు పట్టించుకుంటారు? ఇయ్యాల ఒక్కరోజు మీ యమ్మ మాట కాదను. ఆ తప్పు నాదేనని సాయంత్రం గుడి కాడ ఒప్పుకుంటాను. అదైతే నిజంగా సేసినట్టుంటాది.

…తొమ్మిదయ్యిందా. అయితే ఇంకా ఉంది టైము.

…మెట్ల మీద ఎవులో వస్తన్నారా? మీ యమ్మా?… కాదా. ఎవులైనా కానీ. నువ్వు లే.

…లేసేవా?

…ఆ. ఇనపడింది. పైది వచ్చింది. సెక్క అదిరింది ఇటేపు, పిల్ల కూడా ఏడుపాపి సూస్తంది.

ఇంక కిందది.

…ఆగిపోయావేటి? మావా?… రావడం లేదా? ఒక్క సేత్తో లాగుతన్నావా! అది ఒక్క సేత్తో ఎప్పుడొచ్చింది, నువ్వే బిగించేవు గదా దాన్ని. వంగు. బాగా వంగాల.

ఫోను పెట్టెయ్ మావా. రొండు సేతులూ కావాల.