ఆ గుంపంత నేనే

అట్ల కాదన్నా, నా మైకు పెంచుమని నేను అడుగుతలేను. పెంచి పెంచి నువ్వు గూడ అలిసిపోయినవ్. పెంచితే కుయ్యిమంటది, తగ్గిస్తే నేను లేనే లేను. నేను అడిగేది వేరే. ట్రాక్‌ల నా గొంతు ఉంది చూడు, రికార్డు చేసి పెట్టింది, దాన్ని ఈ ఒక్క పూట బంద్ చెయ్యి.

నవ్వకు ఏడుకొండలన్నా. నీ ముందట అన్ని చానళ్లకు టేపులు అంటించి పేర్లు రాసుకున్నవ్. ఫిడేళ్లు ఒకటి, బాకాలు ఒకటి, సరిత ఒకటి. ఆ సరితను కిందికి గుంజు. అంతే.

రాజీవ్ చూస్తడని భయపడకు. స్టేజి మీద వైర్లు సర్దుకుంటున్నడు. ఈ నారాయణగూడ హాలుల ఏసీ మోతకు మన మాట ఆడిదాంక పోదు. సౌండ్ చెక్ షురూ అయ్యేలోపు జర నా బాధ విను.

నువ్వు ఈ పెద్ద స్పీకర్లతోని వచ్చినవ్. మా పాత సంగతి నీకు తెల్వది.

అశోక్‌నగర్‌ల జిరాక్స్ దుకాణంల పనిచేస్తుంటి నేను. దినమంత కోచింగ్ పిల్లల నోట్సులే. మిషన్ చప్పుడుకు ఒక తాళం ఉంటదన్నా, ఎన్నడన్న విన్నవా? దాని మీద ఏదో ఒకటి పాడుకునేదాన్ని. రాజీవ్ వాళ్ల నాయిన కిషన్ రావు సారు కొడుకును గ్రూప్స్ చదువుమని తోలిండు. ఈయన నోట్సు తెచ్చి ఇచ్చిండు, పని అయింది, అయినా పోతలేడు.

"మిషన్ బంద్ చేసి ఒక్కసారి పాడతవా?" అన్నడు.

ఎవ్వరన్న అట్ల అడుగుతరా చెప్పు? ఇంటర్ తప్పిన పిల్లను, తాపీ పని కురుమయ్య బిడ్డను? మిషన్ల వెలుగు అటు ఇటు పోతుంటది గద, అది ఆయన మొకం మీద పడి పోయింది. మళ్ల పడ్డది. నేను ఆడనే అయిపోయిన అన్నా. నీ దగ్గర దాచేదేముంది.

అట్ల ముగ్గురమైనం. రాజీవ్ గిటారు. అఖిల్ ఒక చెక్క పెట్టె మీద కూసొని దాన్నే అరచేతులతోని కొట్టేటోడు. నేను. చిక్కడపల్లి గల్లీల మూతపడ్డ కోచింగ్ సెంటర్ రూము దొరికింది. గోడలకు కోడిగుడ్ల అట్టలు కొట్టినం, మోత బయటికి పోకుంట. బోర్డు మీద ఎవ్వరో సారు రాసిన లెక్క ఇంకా అట్లనే ఉండె, తుడవబుద్ధి కాలే. ఒక చాయ్ తెచ్చుకొని పంచుకునేటోళ్లం. బ్యాండ్ పేరు గూడ అదే పెట్టినం, సగం చాయ్.

మా మొదటి పాట నీకు తెల్సా? 'సగం నీది, సగం నాది, ఆవిరి ఎవ్వరిదో.' అంతే పాట. అది పాడేటప్పుడు 'ఆవిరి' కాడ నాకు ఊపిరి అందకపోయేది. రాజీవ్ ఆగేటోడు. తీగ మీద వేలు పెట్టి, నన్ను చూసుకుంట, నేను గాలి తీసుకునేదాంక ఆగేటోడు. అప్పుడు కొట్టేటోడు.

నన్ను చూసుకుంట ఆగేటోడన్నా. అది ప్రేమ కాకపోతే ఏంది? నువ్వే చెప్పు.

సరే, చెప్పకు.

గట్ల బాగనే నడుస్తుండె. ఒక ఇంజనీరింగ్ కాలేజీల ఫంక్షన్‌కు పిలిచిండ్రు. మేం 'ఆవిరి' అందుకున్నం. ముందు వరసల పోరగాళ్లు ఫోన్లు చూసుకుంటున్నరు, ఎనకోళ్లు ముచ్చట్లు పెడుతున్నరు. ఒకడు లేచి, "అన్నా, లాలిపాట ఆపి డీజే పెట్టు, నిద్రొస్తుంది" అన్నడు. హాలంత నవ్విండ్రు. అఖిల్ గూడ నవ్విండు, వానికి ఏదైన నవ్వే. రాజీవ్ నవ్వలే. గిటారు సంచిల పెట్టుకొని ఆటో ఎక్కిండు. నారాయణగూడ చౌరస్త కాడ దిగి, నాకు పోతున్న అని గూడ చెప్పకుంట పోయిండు.

తప్పు ఆయనది అనను. ఆయన మొకం నువ్వు చూడలే.

ఆ తర్వాత రూముకు కంప్యూటర్ వచ్చింది. ఫిడేళ్లు వచ్చినయ్, నలభై మంది ఒక్కసారి వాయించినట్టు. బాకాలు, గంటలు, ఉరుము లెక్క పెద్ద డోళ్లు. అఖిల్ పెట్టె పోయి డ్రమ్ముల సెట్టు వచ్చింది. వాడు అంటడు, ఇంతమంది వాయిస్తున్నరు గద, ఒక్కడు గూడ చాయ్ అడుగడు, మంచోళ్లు అని. పాట అదే, 'ఆవిరి'నే, కని ఇప్పుడు అది వస్తుంటే కొండ కూలినట్టుంటది. పేరు గూడ మారుస్తనంటున్నడు రాజీవ్. ప్రళయం అంట. సగం చాయ్ పోయి ప్రళయం.

మంచిగ లేదు అనను. మొదటిసారి విన్నప్పుడు నాకు రోమాలు నిక్కపొడుచుకున్నయ్. మా గల్లీ పాట గింత పెద్దగయిందా అనుకున్న.

అప్పుడే రికార్డింగ్ పెట్టిండు. నన్ను మైకు ముందట నిలబెట్టి ఒక్కొక్క లైను మళ్ల మళ్ల పాడిచ్చిండు. దగ్గరికొచ్చి పాడు అంటడు. మళ్ల, జర దూరం పోయి పాడు అంటడు. గుసగుస లెక్క పాడు. గోడ దిక్కు మొకం తిప్పి పాడు. పొద్దటి నుంచి పొద్దు గూకేదాంక ఆ ఒక్క పాటనే. గొంతు నొప్పి లేసింది, ఒక్కసారి గూడ చాలు అనలే నేను.

ఎందుకనలేదో తెల్సా? ఈయనకు నా గొంతు మీద మనసు తీరుతలేదు అనుకున్న. అందుకే మళ్ల మళ్ల పాడమంటున్నడు అనుకున్న. ఎంత పిచ్చిదాన్నన్నా నేను.

ఆయన ఒక గుంపును తయారు చేస్తున్నడు. అన్ని సరితలను ఒకల మీద ఒకల పేర్చిండు. నువ్వు ఆ చానల్ లేపితే స్పీకర్లల్ల పాడే గుంపు ఉంది గద, గుళ్లె భజన లెక్క, ఆ గుంపంత నేనే. ఆ దినం నేను మస్తు ఖుషీగ ఉంటి. ఆ ఖుషీ గూడ రికార్డయింది. జర గమనించి విను, 'సగం నాది' కాడ నవ్వు వినపడుతది.

ఇప్పుడు ఆ నవ్వుకు నేను పెదవులు కలుపాలె.

చెవిల మీరు పెట్టే ఆ బుడ్డ స్పీకరు ఉంది గద, దాంట్ల టక్, టక్, టక్ అని కొడుతనే ఉంటది. ట్రాక్‌తోని కలిసి పోవాలంటే దాని ఎంబడి నడువాలె. అది ఎవ్వరి కోసం ఆగదు. 'ఆవిరి' కాడ నాకు ఊపిరి అందదు, అది పోతనే ఉంటది. రాజీవ్‌తోని చెప్పిన. ఊపిరి జల్ది తీసుకో సరితా, ప్రాక్టీస్ చేస్తే అలవాటయితది అన్నడు. నా గొంతు వినపడుతలేదు అన్న. ఏం మాట్లాడుతున్నవ్, పాట నిండ నువ్వే గద అన్నడు. నిజమే గద. పాట నిండ నేనే.

పోదామంటే ఏడికి పోవాలె? దుకాణంల శ్రీరామమూర్తి సారు నా జాగల ఇంకో పిల్లను పెట్టుకుండు. ఇంట్ల కూసుంటే మా నాయిన సంబంధం చూస్తడు. అవన్ని పక్కకు పెట్టు. రాజీవ్‌ను చూడకుంట ఉంటనా అని అడుగు. ఉండ. గదే నా కర్మ.

మొన్న హైదర్‌గూడ ప్రోగ్రాంల ఏం చేసిన్నో తెల్సా?

పాడలే.

'ఆవిరి' పాట మొత్తం పాడలే అన్నా. నోరు ఆడించిన, చెయ్యి ఊపిన, కండ్లు మూసిన. చూద్దాం, ఎవరికన్న తెలుస్తదా అని. నీకు తెలిసిందా? మొకం అట్ల పెట్టకు, నిన్ను తిడుతలేను. జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టిండ్రు. రాజీవ్ కిందికొచ్చి నా భుజం మీద చెయ్యేసిండు. ఎన్నడు ఎయ్యలే అట్ల. "ఇయ్యాల పాడినట్టు ఎన్నడు పాడలే నువ్వు" అన్నడు.

ఆ మాట కోసమే నేను ఇన్ని దినాలు ఎదురుచూసిన. వచ్చింది. నేను పాడనినాడు వచ్చింది.

ఇయ్యాల మా అమ్మ వస్తుంది అన్నా. ఎన్నడు రాలే. సైట్ మీద తట్టలు మోసి అలిసిపోతది, ఏడికొస్తది? ఇయ్యాల మేస్త్రీని అడుక్కొని పని నడుమనే ఇటు వచ్చింది. అగో, ఎనక తలుపు కాడ గోడకు ఆనుకొని ఉంది చూడు, పచ్చ చీర. లోపలికొచ్చి కూసోవే అంటే కుర్చీలకు సిమెంటు అంటుతదంట. సాయంత్రానికి చీర మార్చుకొని ముందు వరసల కూసుంటది, రాజీవే సీటు పెట్టిచ్చిండు.

నేను బోళ్లు తోముకుంట పాడేది వింటది అమ్మ. నా గొంతు ఆమెకు తెల్సు. ఆమె గూడ ఆ డబ్బల ఉన్న సరితకు చప్పట్లు కొట్టిందనుకో, ఇంక నన్ను గుర్తుపట్టేటోళ్లు ఎవరుంటరు?

అందుకే అడుగుతున్న. సౌండ్ చెక్‌ల ఒక్కసారి బంద్ చేసి చూడు. మంచిగుంటే రాత్రికి గూడ అట్లనే ఉంచు. రాజీవ్ అడిగితే మిషన్ ఖరాబైందని చెప్పు.

చేస్తవా? నిజంగ?

రాజీవ్ పిలుస్తుండు. పోయొస్త.

*

వచ్చిన అన్నా.

ఏం లేదు. గొంతుకు ఏం కాలే. నువ్వు చెప్పినట్టే చేసినవ్, నిన్ను అనేదేముంది. మైకు గూడ ఎక్కేదాంక ఎక్కించినవ్, చూసిన. పాణం పెట్టి పాడిన. నా పాణం ఎంతుంటదో గంతే పాడిన. ఫిడేళ్లు అందుకున్నంక నా చెవికి నేనే వినపడలే.

నీళ్లు తాగొస్తనని అమ్మ కాడికి పోయిన. ఏమన్నదో తెల్సా?

"ఏం బిడ్డా, నోరు ఒట్టిగ ఆడిస్తున్నవ్? పాడవా?"

అమ్మ అన్నా. మా అమ్మ అన్నది.

అంతల రాజీవ్ పిలిస్తే మళ్ల స్టేజి ఎక్కిన. ట్రాక్‌ల నా గొంతు కట్ అయింది, మళ్ల పెట్టుమని ఆయన నీకు సైగ చేసిండు. నువ్వు పెట్టినవ్. అప్పుడు నేను పాడలే. పాడేటందుకు నాల ఏం మిగల్లే. నిజంగనే నోరు ఆడించిన. చూస్తే తలుపు కాడ అమ్మ, ఎవ్వరో వాచ్‌మన్‌ను చెయ్యి పట్టి గుంజి చూపిస్తున్నది. ఆ పాడేది మా బిడ్డనే అని. ఆయనకు ఇనపడలేదేమో, మళ్ల చెప్తున్నది.

ఏం చేద్దామన్నా. ఆ గొంతు ఉండనియ్యి. మొన్నటి కంటే జర ఎక్కువే పెట్టు. అది గూడ నాదే గద, పరాయిదా? ఖుషీగ ఉన్నప్పటిది. అమ్మ అదే వినని.

నా మైకు నీ ఇష్టం. తగ్గిస్తే తగ్గించు, పూరా బంద్ చేస్తే చెయ్యి. నేను ఏమనుకోను.

కని రాత్రి నేను పాడుత. ముందు వరసల కూసుంటది గద, దగ్గరి నుంచి కనపడుతది. పాడేటప్పుడు నా మెడ మీద నరం ఉబ్బుతదంట, చిన్నప్పటి నుంచి అమ్మ చెప్తది. ఒట్టిగ నోరు ఆడిస్తే అది ఉబ్బదన్నా. నిన్న అద్దంల చూసుకున్న.