చెల్లెలి ముఖానికి తెరుచుకుంది

అక్క తలదాచుకున్న చోట ఇంటావిడ ఫోన్‌కు, వేరే ఊరి నుంచి చెల్లెలు చేసింది. అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకుంటున్నారు.

“అరవకక్కా, ముందు విను. బావ మా ఇంటికొచ్చాడు అన్నానంతే.”

“ఎప్పుడు?”

“పొద్దున. గొడవేం పడలేదు. మంచం అంచున కూర్చుని ఏడ్చాడు. చిక్కి సగమైపోయాడు, పాపం.”

“పాపమా? నా చెయ్యి విరిచినప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్ళింది నువ్వే కదే!”

“మారానన్నాడక్కా. దేవుడి మీద ఒట్టేశాడు.”

“దేవుణ్ణి కూడా వదల్లేదన్నమాట. నేనెక్కడున్నానో చెప్పావా?”

“నా నోటి వెంట ఒక్క ముక్క వస్తే ఒట్టు. ఊరి పేరు కూడా చెప్పలేదు.”

“మరెందుకే అలా నీళ్ళు నములుతున్నావు?”

“నీ ఫోన్ తెచ్చాడు.”

“వచ్చేటప్పుడు ఛార్జింగుకు పెట్టి మర్చిపోయానే, అదా?”

“అదే. ‘మీ అక్కది నా దగ్గర ఇదొక్కటే మిగిలింది, చూడు’ అని నా ముఖం ముందు పెట్టాడు. చూశాను.”

“చూస్తే?”

“తెరుచుకుంది.”

“నీకెలా తెరుచుకుంటుందే! సోడా నీళ్ళలో బట్టలుతికి ఉతికి వేళ్ళరిగిపోయి, వేలిముద్ర పడక నా ముఖం పెట్టుకున్నాను దానికి.”

“నాకూ మొదట్లో తెరుచుకునేది కాదు. నీ చేతులు తడిగా ఉంటే పాటలు నేనే పెట్టేదాన్ని కదా. నన్ను చూసి కాదనేది, నేను నీ తాళం నంబరు కొట్టేదాన్ని. రోజూ అంతే. కొన్నాళ్ళకు నంబరు అడగడం మానేసింది.”

“మానేసిందా! నాకు చెప్పలేదేం?”

“నవ్వొచ్చిందక్కా. మనిద్దరిదీ ఒకే అచ్చు, పిచ్చి ఫోన్ పోల్చుకోలేకపోయింది అనుకున్నా. అప్పట్లో బావకు కూడా చెప్పి నవ్వాను.”

“ఆయనకు చెప్పావా?”

“అప్పుడు మీరు బాగానే ఉన్నారు కదా!”

“తాళంచెవి నుదుటికి కట్టుకుని ఎవరైనా వీధుల్లో తిరుగుతారా? నేను తిరిగాను. నా బుద్ధి ఏమైపోయిందో ఆ దేవుడికే తెలియాలి. సరే, తెరిచి ఏం చూశాడు?”

“మెసేజీలు. పాప బడి నుంచి వచ్చినవి.”

“దానికెందుకు... అయ్యో. ఇక్కడి బడిలో చేర్చేరోజు కాగితంలో ఆ పాత ఫోన్ నంబరే రాశాను. చెయ్యి అలవాటు కొద్దీ రాసేసింది.”

“బడి పేరు, ఊరు, వీధి, వదిలే వేళ, అన్నీ ఉన్నాయక్కా.”

“పొద్దున జరిగితే ఇప్పుడా చెప్పడం!”

“పనిలో ఉంటావని... అది కాదక్కా, ఇంకో మాట...”

“నీ మాటలు తర్వాత. మూడున్నరకు వదిలేస్తారు. పిన్నిగారూ! ఈ ఫోన్ పట్టుకోండి. పాపను తెచ్చేసుకుంటాను.”

“అక్కా! ఆగు! ఒక్క నిమిషం ఆగవే! అక్కా!”

“నేనమ్మా, ఇంటావిడను. మీ అక్క చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది. ఏమైంది తల్లీ?”

“బావకు పాప బడి తెలిసిపోయింది పిన్నిగారూ.”

“అయ్యో రాత! అయినా భయం లేదులే. పాప రోజూ బడి బండిలోనే వస్తుంది. విడిగా తీసుకెళ్ళాలంటే తల్లి వచ్చి సంతకం పెడితే తప్ప పిల్లను గేటు దాటించరు. ఆ మహానుభావుడు తలకిందులుగా నిలబడ్డా ఇవ్వరు.”

“ఆ సంగతి కూడా మెసేజీలో ఉంది. బావ రెండుసార్లు పైకి చదివాడు.”

“చదివితే చదివాడు. వట్టి చేతులతో పోతాడు. నువ్వెందుకమ్మా ఏడుస్తావు?”

“చదివి, కళ్ళు తుడుచుకుని, ‘పనిలో ఉండగా మీ అక్కను కంగారు పెట్టకు’ అన్నాడు పిన్నిగారూ. మంచికే అనుకున్నాను. సరిగ్గా మూడింటికి ఫోన్ చేసి చెప్పమన్నది ఆయనే.”