సెన్సారుకు పెట్టిన పసుపు

ఏం పాపా, కారు కింద దూరి ఏం చేస్తాండావు? సెన్సారు మారుస్తావా? ఉండు, ఇంజను చల్లారనీ. మీ తాత గూడా ఈ వాకిట్లోనే, రెండువేల ఐదులో, మీ నాయన కారుకు మార్చినాడు. మీటర్ల కాడ పసుపుపచ్చ లైటు ఆరకుండా వెలుగుతాండె. "అది పొగను వాసన చూసే ముక్కులే, చెడిపోయినాది. కడపలో కొత్తది తే, ఇంటికాడే బిగిస్తా" అనె మీ తాత. మంగంపేట గనుల్లో ముప్పై ఏండ్లు లారీలు బాగుచేసిన మనిషి గదా. తిమ్మయ్య చెయ్యి పడితే సచ్చిన ఇంజను లేచి కూర్చుంటాదనేటోళ్లు. మీ నాయనేమో నగి, "మామా, ఇది లారీ గాదు" అనె. అప్పుడు చూడల్ల మీ తాత మొగం! ఆ కారు పాడుగాను, శానా మురిపెం మీ నాయనకు, సీట్లకు కవర్లు గూడా తియ్యనిచ్చేవాడు గాదు...

యాడుంటి? ఆఁ, పాతది ఒకపట్టాన రాలే. తుప్పుపట్టి కరుచుకోనుండె. నూనె పోసి, టీ తాగొచ్చి, స్పానరు పట్టి వేలాడె. కొత్తది తిన్నె మీద డబ్బాలో ఉండె. కొత్త సామాను ఇంటికొస్తే బొట్టు లేకుండా ఎట్ల? అందులో మీ తాత మాట నెగ్గాల్సిన పొద్దు. ఆముదంలో పసుపు కలిపి, దాని కొనకు బాగా మెత్తి, కుంకుమ పెడితి. కొనకు సన్నసన్న బొక్కలు, ముద్దుగుండె. మీ తాత చేతికి తీసుకుని దాన్ని చూసె, నన్ను చూసె. పంచెకొంగుతో తుడిచి తుడిచి బిగించె.

లైటు ఆరలే. "నేను చెప్పలేదా మామా?" అనె మీ నాయన. మీ తాత చేతులు కడుక్కుంటా, "కొత్త బండ్లకు నా చెయ్యి పనికిరాదప్పా" అనె. అంతే. ఊరంతా నమ్మె. నేనూ నమ్మితి. పోయేదాకా మళ్ల స్పానరు ముట్టలే.

ఆ సెన్సారు డబ్బాలో సూదులు, గుండీలు ఏసుకుంటి. మీ తాత పోయినాక శ్రీవిద్య పంతులమ్మ కాడ అక్షరాలు నేర్చుకుంటి గదా, కంటికి కనపడిందంతా కూడబలుక్కుంటాంటి, ఉప్పు ప్యాకెట్టు గూడా వదల్లే. ఒకనాడు సూదికని తీస్తే, మూత మీద అంగడాయన పెన్నుతో రాసిండేది: కొ... న... కు... నూనె తగలగూడదు. తగిలితే పనిచెయ్యదు.

నాకు అప్పుడు సదువు రాదు పాపా. మీ తాతకు వచ్చు.

ఒక్కమాట అనింటే తప్పు నా మీద పోయేది...

ఏదీ, నీ డబ్బా ఇట్లియ్యి. నా కండ్లద్దాలు యాడ పెడితినో చూడు.